జరగని సభలో ఫిడేలు

సోమవారం మధ్యాహ్నం టపాలో చల్లపల్లి నుంచి కార్డు వచ్చింది. మంగళవారం పొద్దున్న పదింటిదాకా ఆ ఇంట్లో ముగ్గురికీ నోట మాట లేదు.

కార్డు గూట్లో పంచాంగం మీద బోర్లా పడి ఉంది. బోర్లా పెట్టినంత మాత్రాన అక్షరాలు రాలిపోతాయా? జగన్నాథం అటు వెళ్ళినప్పుడల్లా దాన్ని తిప్పి చదువుకుని, మళ్ళీ బోర్లా పెట్టాడు. ఎన్నిసార్లు చదివినా మూడే వాక్యాలు. "మీ పత్రికలో వార్త చదివితిమి. బుధవారము ఉదయము బస్సుకు వచ్చుచున్నాము. చి.సౌ. సీతారత్నము ఇంటనే ఉండవలెను." కింద సూర్యప్రకాశరావు అని సంతకం. క్షేమమా అన్న మాట లేదు. ఆశీస్సుల ఊసు లేదు.

ఆఖరికి వసుంధరే నోరు విప్పింది. భర్త మీద కోపం వస్తే ఆవిడ గోడతో మాట్లాడుతుంది. ఇవాళ గోడని కూడా మెత్తగా వదల్లేదు.

"ఇంటనే ఉండవలెను అంటే ఏమనుకోవాలి? పెట్టె సర్దుకు కూచోమనా? వచ్చిన పెట్టె ఇక ఇక్కడే దింపుకోమనా?"

గోడ పలకలేదు. జగన్నాథమూ పలకలేదు. చావడి గుమ్మంలో కూచుని చేటలో కందిపప్పు ఏరుతున్న అతని చెల్లెలు సీతారత్నం తల ఎత్తలేదు. ఆ పప్పులో రాళ్ళెప్పుడో అయిపోయాయి. అయినా వేళ్ళు కదుపుతూనే ఉంది.

తప్పెవరిదో ముగ్గురికీ తెలుసు. జగన్నాథానిదే.

అతను బందరు హైస్కూల్లో గుమాస్తా. అది జీతానికి చేసే పని. ప్రాణం పెట్టి చేసే పని వేరే ఉంది. గొడుగుపేటలో కోటిలింగంగారు నడిపే వారపత్రికకి 'ఊరి సంగతులు' రాసేది అతనే. దసరా వచ్చిందంటే బందర్లో సభలకి లెక్కా పత్రం ఉండదు. లైబ్రరీ వార్షికోత్సవం, హరికథలు, స్త్రీసమాజం వాళ్ళ సంగీతం, అమ్మవారి శక్తిపటాల ఊరేగింపు, అన్నీ ఆ పది రోజుల్లోనే మూగుతాయి. పత్రిక మాత్రం గురువారం సాయంత్రానికల్లా అచ్చుకి ఫారాలు బిగించుకుని, శుక్రవారం టపాకి అందాలి. శుక్రవారం సాయంత్రం జరిగే సభ కోసం ఆగితే, ఆ వార్త మరుసటి వారానికి గానీ అచ్చు కాదు. చల్లారిన కాఫీ ఎవరు తాగుతారు?

అందుకని జగన్నాథం ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఆహ్వానపత్రం చేతికి రాగానే, దాన్ని ముందు పెట్టుకుని వార్త రాసేస్తాడు. అధ్యక్షుడెవరు, ఉపన్యాసం ఎవరు, పాట ఎవరు, హారతి ఎవరు, అన్నీ అందులోనే ఉంటాయి కదా. పైన 'జయప్రదముగా' అని ఒక్కమాట చల్లితే సరి. ఏడేళ్ళుగా ఎవరూ పట్టుకోలేదు. సభలు కూడా పాపం, అతను రాసినట్టే జరుగుతూ వచ్చాయి.

మొన్న శుక్రవారం మాత్రం మధ్యాహ్నం రెండింటికి సముద్రం మీంచి గాలి లేచింది. నాలుగయ్యేసరికి బజార్లో మోకాటిలోతు నీళ్ళు. స్త్రీసమాజం వాళ్ళు హాలుకి తాళం వేసుకుని, సభని వచ్చే శుక్రవారం పౌర్ణమికి మార్చుకున్నారు. అప్పటికే పత్రిక కట్టలు టపా సంచుల్లోకి ఎక్కేశాయి. 'శ్రీమతి సీతారత్నముగారు అరగంటసేపు ఫిడేలు వాయించి సభాసదులను ముగ్ధులను గావించిరి' అన్న వాక్యం కూడా వాటితోపాటే ఎక్కేసింది.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అంది వసుంధర. ఈసారి గోడతో కాదు, సూటిగా భర్తతోనే. "వీధవతల ఉన్న హాలుకి వెళ్ళి చూసి రాయడానికి కాళ్ళు నొప్పా మీకు?"

"అమ్మాయి పేరు పత్రంలో ఉందిగా," అన్నాడు జగన్నాథం.

పత్రంలో ఉన్న మాట నిజమే. వేసింది స్త్రీసమాజం కార్యదర్శి నాంచారమ్మ. ఆవిడది వెనక వీధి. పండక్కి పుట్టింటికి వచ్చిన సీతారత్నం సాయంత్రాలు తలుపు చేరేసుకుని ఫిడేలు వాయించుకుంటుంటే, పెరటిగోడ అవతల నుంచి విని మురిసిపోయి, పిల్లని అడక్కుండానే పేరు అచ్చేయించింది. పత్రం ఇంటికొచ్చాక గానీ వీళ్ళకి తెలియదు.

సీతారత్నానికి ఫిడేలు నేర్పింది తండ్రి. ఆయన బతికుండగానే రెండేళ్ళ కిందట ఈ సంబంధం కుదిరింది. చల్లపల్లిలో ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరుగా ముప్ఫయ్యేళ్ళు చేసి రిటైరైన సూర్యప్రకాశరావుగారు, నిశ్చితార్థంనాడే ఒక మాట అన్నారు. పిల్ల ఇంట్లో వాయించుకుంటే మాకేమీ అభ్యంతరం లేదు, సభలో మాత్రం వద్దు అని. తండ్రి సరేనన్నాడు. ఫిడేలు బందర్లోనే ఉండిపోయింది.

భర్త శ్రీనివాసరావు మద్రాసులో ఉద్యోగంలో ఉన్నాడు. ఇంకా ఇల్లు దొరకలేదు. దొరికేదాకా సీతారత్నం ఉండవలసింది మామగారి ఇంట్లోనే. ఆయన ఉండమంటే ఉంటుంది, వద్దంటే ఈ చావడిలో చేట పట్టుకుని కూచుంటుంది. కాదనడానికి మద్రాసులో ఉన్న కొడుక్కి కూడా నోరు లేదు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే చెప్పేవారు, తప్పు చేసినవాడికి ఒక బెత్తం దెబ్బ, చేయలేదని బొంకినవాడికి మూడు అని.

జగన్నాథం చెల్లెలి దగ్గరికి వెళ్ళి గొంతుక్కూచున్నాడు. వాయించలేదన్న నిజం తానే చెప్తాననీ, కోటిలింగంగారి చేత పత్రికలో సవరణ వేయిస్తాననీ, మావయ్యగారు బస్సు దిగేసరికి అచ్చు కాగితం చేతిలో పెడతాననీ అన్నాడు. సీతారత్నం తల ఊపింది. అతను లేవబోయి, మళ్ళీ ఆగాడు.

"ఒక్కటి చెప్పు సీతా. శుక్రవారం వాన రాకపోతే నువ్వు వెళ్ళేదానివా?"

సీతారత్నం చేటలోంచి ఒక పప్పుబద్ద తీసి చాలాసేపు చూసింది. అది రాయి కాదని తేలాక మళ్ళీ చేటలోనే వేసింది.

"భోజనం చేసి వెళ్ళు అన్నయ్యా," అంది.

*

కోటిలింగంగారి ప్రెస్సులో అక్షరాల పెట్టెల వాసన, కిరసనాయిలు వాసన కలిసి ఉంటాయి. ఆయన పడకకుర్చీలో వెనక్కి వాలి, సంగతంతా కళ్ళు మూసుకుని విన్నాడు. విన్నాక కూడా కళ్ళు తెరవలేదు.

సవరణ దేనికన్నాడు ఆయన. సభ ఎలాగూ వచ్చే శుక్రవారం జరుగుతోంది, అప్పుడు అమ్మాయి వాయిస్తే వార్త నిజమైపోతుంది, తేదీ ఒక్కటేగా తేడా, తేదీ ఎవడు చూస్తాడు అన్నాడు. జగన్నాథం, తన చెల్లెలి కాపురం సంగతండీ అన్నాడు. అలా అన్నాక ఆయన కళ్ళు తెరిచాడు.

"వేస్తాను నాయనా. వేయనని ఎందుకంటాను? కాని ఏమని వేయమంటావు? సభ జరగలేదని వేస్తే, జరగని సభని జరిగిందని ఎవడు రాశాడు అంటారు. 'మా విలేఖరి సభకు వెళ్ళకయే వ్రాసినందున' అని నీ పేరు పెట్టి వేయాలి. నా పేరు పెట్టుకోలేను. పత్రిక నాది."



మనిషి చెడ్డవాడు కాదు, కోటిలింగం. ఉన్నమాటే అన్నాడు. ఆ పేరు చూసుకునే కదా జగన్నాథాన్ని ఏ సభకి వెళ్ళినా ముందు వరసలో కూచోబెడతారు? ఆ పేరు చూసుకునే కదా స్కూల్లో హెడ్మాస్టరు గుమాస్తాని 'మీరు' అంటాడు? రేపు పత్రికలో అలా పడితే, బందరు బజార్లో ఎదురైన ప్రతివాడూ, "ఏమండోయ్, రేపు మా ఇంట్లో పెళ్ళి ఎలా జరిగింది?" అని అడుగుతాడు. 

బల్ల మీద ఆరేసి ఉన్న ప్రూఫు చేతిలోకి తీసుకున్నాడు. ఈ వారం సంచిక. తన రాతే. 'ఇంగ్లీషుపాలెము చర్చిలో ఆదివారమునాడు కోతపండుగ జయప్రదముగా జరిగినది. గుమ్మడికాయ వేలమున పోటీ హెచ్చుగా నుండెను.' ఆ పండగ ఈ వచ్చే ఆదివారం. ఇవాళ మంగళవారం.

దాని కిందే మరొకటి. పౌర్ణమినాడు మంగినపూడి దగ్గర సముద్రస్నానాలకి వేలమంది వచ్చినట్టు, ఎవరికీ ఏ ప్రమాదమూ జరగనట్టు.

ఇది చూసి అతనికి మొదటిసారి భయం వేసింది. ఆ వార్తలు రెండూ తీసేయమందామా అనుకున్నాడు. తీసేస్తే కోటిలింగంగారు అర పేజీ ఖాళీ దేనితో నింపుతారు? ఆలోచించి చెప్తానని, ప్రూఫు ఉన్నచోటే పెట్టి వచ్చేశాడు.

ఇంటికొచ్చి ఆడవాళ్ళిద్దరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తన పేరు పెట్టి వేస్తానన్నారని కూడా చెప్పాడు. వసుంధర ఏదో అనబోయి, భర్త మొహం చూసి మానుకుంది. సీతారత్నం మాత్రం, "నీ పేరు పెట్టా?" అని ఒక్కసారి అడిగి ఊరుకుంది. ఆ తర్వాత సాయంత్రం దాకా అన్న మొహంలోకి చూసినప్పుడల్లా జాలిగా చూసింది. అతనికి అదే దుర్భరమైపోయింది. తిట్టినా బాగుండును.

అయిదింటికి ఆడవాళ్ళిద్దరూ పొరుగున రావమ్మగారింట్లో పేరంటానికి వెళ్ళారు. ఇంట్లో ఒక్కడే మిగిలాక, జగన్నాథానికి అటక మీద ఫిడేలు పెట్టె కనబడింది. కనబడటం ఏమిటి, రెండు రోజులుగా అది అతని వైపే చూస్తోంది.

మావయ్యగారు రేపు వచ్చి చావడిలో కూచుంటారు. తల ఎత్తితే అటక. వాయించలేదు మహాప్రభో అని తను చెప్తుంటే, పైనుంచి ఆ పెట్టె సాక్ష్యం చెప్పదూ? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అతను స్టూలు వేసుకుని పెట్టె దింపాడు. దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకున్నాడు. నేరుగా ఇంగ్లీషుపాలెం నడిచాడు.

అక్కడ సత్యవేదంగారి ఇల్లుంది. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు, జగన్నాథానికి ఉన్న ఒకే ఒక్క నిఖార్సయిన స్నేహితుడు. అరుగు మీద భార్య అన్నమ్మగారు కోతపండక్కి ధాన్యపు కంకులు కుచ్చులుగా కట్టి పేరుస్తోంది. ముదినేపల్లి నుంచి వాళ్ళ అన్నగారు ముందుగా కోతకొచ్చిన వరి పంపించారట.

సత్యవేదం దుప్పటి మూట వైపు చూసి, ఏమిటని అడగలేదు. జగన్నాథమే చెప్పాడు. రెండు రోజులు ఇక్కడ ఉంచమన్నాడు. అన్నమ్మగారు మూట అందుకుని, లోపల ధాన్యం బస్తాల పక్కన ఎత్తుగా పెట్టి వచ్చింది.

"జగన్నాథం గారూ, ఒక్క మాట," అన్నాడు సత్యవేదం. "పొద్దున్న ప్రెస్సు మీదుగా వస్తుంటే కంపోజిటరు చూపించాడు. మా పండగ జరిగిపోయిందట కదా. గుమ్మడికాయకి పోటీ కూడా జరిగిందట."

జగన్నాథం తల వంచుకున్నాడు.

"నాకేం కోపం లేదండీ. కాని వేలానికి ఇవ్వాల్సిన ఆ గుమ్మడికాయ ఇంకా మా పాదు మీదే ఉంది." ఆయన పెరటి వైపు చూపించాడు. "ఆదివారం లోపల దానికి ఏమైనా కావచ్చు. మనకి ఏమైనా కావచ్చు. మీరు వచ్చి చూసి రాయండి. ఒక వారం ఆలస్యమైతే మా దేవుడు ఏమీ అనుకోడు."

మాట మెత్తగానే ఉంది. దారి పొడుగునా జగన్నాథానికి అదే చెవిలో మోగింది. ఇంటికి వచ్చాక ఫిడేలు సంగతి ఎవరికీ చెప్పలేదు. రేపు మావయ్యగారు వెళ్ళాక చెప్పొచ్చులెమ్మనుకున్నాడు.

*

బుధవారం ఎనిమిదిన్నరకి సూర్యప్రకాశరావుగారు వచ్చారు. బస్టాండు నుంచి జట్కా కూడా ఎక్కలేదు. నడిచే వచ్చారు. తెల్లటి లాల్చీ, భుజం మీద కండువా, చంకలో నల్ల గొడుగు. ఆ గొడుగు చువ్వల దగ్గర బట్ట కొత్తగా కుట్టి ఉంది.

కాళ్ళకి నీళ్ళిచ్చారు. మడతకుర్చీ వేశారు. వసుంధర కాఫీ తెచ్చి పెట్టింది. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి, బాగుందమ్మా అన్నారు. వానలకి చల్లపల్లిలో చేలు మునిగిన సంగతి చెప్పారు. రెండు రోజుల్లో నీళ్ళు లాగేశాయట, పైరుకి ప్రమాదం లేదట. పరాయివాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడారు అంతసేపూ.

తరువాత కండువా మడతలోంచి పత్రిక తీశారు. నాలుగు మడతలు పెట్టి ఉంది. విప్పి, మోకాలి మీద పరుచుకుని, కళ్ళజోడు పెట్టుకున్నారు.

"అమ్మాయిని పిలవండి."

సీతారత్నం వంటింటి గుమ్మంలోకి వచ్చి నుంచుంది. చేతులు తడిగా ఉన్నాయి. తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

జగన్నాథం రాత్రంతా వల్లె వేసుకున్న మాట ఉంది. తప్పు నాదండీ, సభ జరగలేదండీ, అమ్మాయికి ఏమీ తెలియదండీ. మూడు ముక్కలు. సవరణ అచ్చు కాలేదు సరే, నోటితో చెప్పడానికి ఏమి అడ్డం? అతను గొంతు సవరించుకున్నాడు. అంతలో కోటిలింగంగారి మాట గుర్తొచ్చింది. మా విలేఖరి వెళ్ళకయే వ్రాసినందున. ముందు వరసలో కుర్చీ గుర్తొచ్చింది. 

సూర్యప్రకాశరావుగారు అతని వైపు చూడనే లేదు. కోడలి వైపు చూశారు.

"శుక్రవారంనాడు ఆ సభలో నువ్వు వాయించావా, అమ్మా?"

 వసుంధర భర్త వైపు చూసింది. సీతారత్నం కూడా అన్న వైపు చూసింది. ఎంతసేపు చూసిందో గానీ, ఆ కాసేపట్లో జగన్నాథం మూడు ముక్కలూ చెప్పేయవచ్చు. ముప్ఫయి ముక్కలు చెప్పవచ్చు. అతను నేల చూశాడు.

"వాయించాను మావయ్యగారూ," అంది సీతారత్నం.

ఆయన కళ్ళజోడు తీశారు. కండువా కొంగుతో అద్దాలు తుడుచుకున్నారు. రెండోసారి కూడా తుడుచుకున్నారు.

"స్త్రీసమాజం వాళ్ళు పత్రం మా ఇంటికి కూడా పంపించారమ్మా. కార్యదర్శిగారు కింద చేత్తో రాశారు, మీ కోడలు మా ఊరికే గర్వకారణం అని. శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి నేను బందరు వచ్చాను."

వసుంధర గోడకి చేరబడింది.

"మోకాటిలోతు నీళ్ళలో పడి హాలుకి వెళ్ళాను. గొడుగు తిరగబడి పాడైంది. హాలుకి తాళం వేసుంది. ఎవరైనా వస్తారేమోనని ఆ వరండాలో గంటసేపు నుంచున్నాను. ఎవరూ రాలేదు. రాత్రి సత్రంలో పడుకుని, పొద్దున్నే వెళ్ళిపోయాను." పత్రికని మళ్ళీ నాలుగు మడతలు పెట్టారు. "ఆ శనివారమే టపాలో పత్రిక వస్తే చదివాను, నువ్వు అరగంటసేపు వాయించావని."

బడిపంతులు తెలియక అడగడు. ముప్ఫయ్యేళ్ళు జవాబు తెలిసిన ప్రశ్నలే అడిగిన మనిషి. ఆ ముక్క ఆ ఇంట్లో ఒక్కరికైనా తట్టి ఉండకూడదా?

"అచ్చులో పడ్డది అబద్ధమని తెలుసు. అది ఎవరిదో కూడా ఊహించాను. మా ఇంటి పిల్ల నోట నిజం వింటే చాలు, తీసుకుపోదామని వచ్చాను," అన్నారాయన. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే జగన్నాథానికి కొంత నయంగా ఉండేది.

సీతారత్నం ఏడవలేదు. గుమ్మం పట్టుకుని అలాగే నుంచుంది. ఆవిడ కాళ్ళ దగ్గర తడిచేతుల నీళ్ళు రెండు చుక్కలు పడి ఉన్నాయి. వాటివైపే చూస్తోంది.

చెల్లెలు తన కోసం బొంకింది. తన కుర్చీ కోసం, తన పేరు కోసం, ఉన్న ఇల్లు పోగొట్టుకుంది. ఆ సంగతి గుండెల్లో దిగేసరికి జగన్నాథానికి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. అప్పుడు వచ్చింది మాట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా వచ్చింది.

అతను మొత్తం చెప్పాడు. ఆహ్వానపత్రాలు చూసి వార్తలు రాయడం చెప్పాడు. ఏడేళ్ళ నుంచి రాస్తున్నానని చెప్పాడు. సవరణ వేస్తే తన పేరు పెడతారని భయపడ్డానన్నాడు. ఇంకా జరగని కోతపండగ కూడా రాసేశానన్నాడు. అమ్మాయి తన పరువు కాపాడటానికే అలా అంది గానీ, ఆవిడకి అబద్ధం అలవాటు లేదన్నాడు. చెప్పాల్సింది అయిపోయింది అనుకున్నాక, ఇంకొకటి మిగిలిందని గుర్తొచ్చింది.

"ఫిడేలు కూడా ఇంట్లో లేదండీ. తమరు చూస్తారని నిన్న సాయంత్రం తీసికెళ్ళి దాచాను."

సీతారత్నం చటుక్కున అటక వైపు చూసింది. ఇంతసేపూ రాని కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి.

"నాన్నది అన్నయ్యా అది," అంది.

 జగన్నాథానికి ఆ ఒక్కటే చాలింది.

 వీధిలో ఎవరో పాత శక్తిపటం చెక్కలు బండి మీద తీసుకుపోతున్నారు. ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా సూర్యప్రకాశరావుగారు వింటూ కూచున్నారు.

"నేను ఆ రోజు ఎందుకు వచ్చానో చెప్పమంటే చెప్పలేను," అన్నారు చివరికి. "ఆపుదామనే బస్సెక్కాను. హాలు చేరేసరికి, తాళం చూసి ఊపిరి పీల్చుకోవాలి కదా? పీల్చుకోలేకపోయాను. గంటసేపు ఎందుకు నుంచున్నట్టు?"



ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. మళ్ళీ కోడలి వైపే చూశారు. ఈసారి చూపు వేరుగా ఉంది. హెడ్మాస్టరు చూపు కాదది.

"ఇందాక అడిగింది నాకు తెలిసిన ప్రశ్న. ఇది తెలియంది. వాన రాకపోతే వాయించేదానివా?"

ఇదే మాట నిన్న అన్న అడిగాడు. అప్పుడు పప్పుబద్ద చాటున తప్పించుకుంది. ఇప్పుడు చేట లేదు. వద్దనుకునేదాన్నండీ అంటే ఈ పూటే చల్లపల్లి బస్సు ఎక్కవచ్చు. ఆ సంగతి చావడిలో అందరికీ తెలుసు. వదిన కళ్ళతోనే బతిమాలింది, ఆ మాట అనమని.

సీతారత్నం చేతులు కొంగుకి తుడుచుకుంది.

"వాయించేదాన్నండీ," అంది. "తమరికి ఇష్టం లేదని తెలుసు. తెలిసే ఆ రోజు పొద్దున్నే తీగెలు మార్చుకున్నాను."

జగన్నాథం కళ్ళు మూసుకున్నాడు.

కుర్చీ కిర్రుమంది. సూర్యప్రకాశరావుగారు లేచి, కండువా సర్దుకుని, మూల నిలబెట్టిన గొడుగు అందుకున్నారు. కోడలికి పెట్టె తెచ్చుకోమని చెప్పలేదు. ఇక్కడే ఉండమనీ చెప్పలేదు. గుమ్మం దాకా నడిచి, అక్కడ ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగారు.

"ఎక్కడ దాచావు నాయనా, దాన్ని?"

"ఇంగ్లీషుపాలెం అండీ. సత్యవేదంగారని, క్రైస్తవులు. మా స్కూల్లో మాస్టారు."

"ముందు నువ్వు నడు," అన్నారాయన. "నువ్వూ రా అమ్మా."

సీతారత్నం వదిన వైపు చూసి, చెప్పులు లేకుండానే మెట్లు దిగింది. ముందు జగన్నాథం, వెనక ముసలాయన, ఆయనకి నాలుగడుగుల ఎడంగా ఆవిడ. వీధి మలుపు దగ్గర నాంచారమ్మ ఎదురై, చేతిలో పౌర్ణమి సభకి కొత్తగా అచ్చేయించిన పత్రాలతో, నవ్వుతూ ఒకటి జగన్నాథం చేతిలో పెట్టింది. ఈసారి వార్త బాగా రాయాలి సుమండీ అంది.

జగన్నాథం పత్రం చూడలేదు. వెనక నుంచి గొడుగు పొడుచుకుంటూ వస్తున్న అడుగుల చప్పుడు ఆగిపోయింది. సూర్యప్రకాశరావుగారు అతని భుజం మీదుగా చెయ్యి చాపి, ఆ కాగితం తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కోడలి పేరు ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టారు.